పొంగిన పోస్టు డబ్బా

హలో, అందుతోందా అండీ నా గొంతు? అందరూ కులాసానా? నేనేనండీ, మీ బేకరీ బాబాయిని. ఇవాళ మాత్రం రొట్టెల గురించి అడక్కండి. ఒక సంగతి మీకు చెప్పేదాకా నాకు కాలూ చెయ్యీ ఆడేలా లేదు. పొయ్యి ఆర్పేసి, చేతులకున్న పిండి కడిగేసుకుని, ఫోను పట్టుకుని కూర్చున్నాను. చదువుకున్నది అంతంతమాత్రం కాబట్టి ఎక్కడైనా తప్పులు దొర్లితే సర్దుకుపోండి. టీ తెచ్చుకున్నారా? సరే, వినండి మరి.

మా బేకరీ వీధి గోడకి ఒక పోస్టు డబ్బా ఉంది. నేను పుట్టకముందు నుంచీ ఉందట. మూత దగ్గర రంగు రాలిపోయి, కింద తుప్పు పట్టి, చూడ్డానికి రిటైరైన పోలీసులా ఉంటుంది. గోడకి అటువైపు డబ్బా, సరిగ్గా దాని వెనకే ఇటువైపు మా పెద్ద పొయ్యి. చలికాలంలో వీధి పిల్లులన్నీ ఆ డబ్బా కిందే పడుకుంటాయి, గోడ వెచ్చగా ఉంటుందని. పిల్లుల సంగతి మర్చిపోయినా ఆ వెచ్చదనం మాత్రం గుర్తుపెట్టుకోండి. తర్వాత పనుంది దాంతో.

బేకరీ మీద మేడలో మా అక్క ఉంటుంది. పక్క సందులోంచి మెట్లు. పూర్వం బట్టల మిల్లులో పనిచేసింది. మోకాళ్ళు అరిగిపోయాక ఇంటిపట్టున ఉంటోంది. రోజుకి ఒక్కసారి మాత్రం కిందకి దిగుతుంది. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని మెట్టు మెట్టుకీ మోకాళ్ళని తిట్టుకుంటూ దిగి, సందు దాటి, మా షాపు ముందు రొట్టెల కోసం నిలబడ్డ జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, ఆ డబ్బాలో ఒక ఉత్తరం వేస్తుంది. వేశాక దాని వీపు మీద రెండు దెబ్బలు వేస్తుంది, ఉత్తరం కిందకి జారిందో లేదో అని. తర్వాత షాపులోకి వచ్చి స్టూలు మీద కూర్చుని అందరినీ పలకరించి, ఒక బన్ను తిని, మళ్ళీ పైకి వెళ్తుంది. ఆవిడ ఊరేగింపు అంతా అదే. మిల్లులో కలిసి పనిచేసినవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు, అందరికీ రాస్తుంది. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటే, ఫోను పెట్టేశాక చేతిలో ఏం మిగులుతుందిరా అంటుంది.

ఇక క్రిస్మస్ వస్తోందంటే మేడ మీద ఆవిడ బల్ల నిండా కార్డుల పనే. కొన్న కార్డు ఒక్కటి కూడా ఉండదు. మా మైదా బస్తాల ఖాకీ కాగితాన్ని చిక్కటి టీ డికాషన్‌లో ముంచి ఆరేస్తుంది. ఆరాక అది ఏ తాతలనాటి పెట్టెలోంచో తీసినట్టు తయారవుతుంది. అంచులు కత్తెరతో కత్తిరించదు. తడి వేలితో గీత గీసి మెల్లగా చింపుతుంది, పీచు బయటికి కనబడేలా. బంగాళాదుంప సగానికి కోసి, అందులో నక్షత్రం చెక్కి అచ్చు వేస్తుంది. అచ్చు పడ్డ ఆ ఖాకీ ముక్కని దళసరి కాగితం మీద అతికించి, మధ్యకి మడిచి, పురికొసతో కట్టేస్తుంది. కవరు ఉండదు. వెనక చిరునామా, స్టాంపు, అంతే.

అలాంటిది ఈసారి చలి మొదలైన కొత్తల్లో, ఉత్తరాలు తీసుకెళ్ళే మా పోస్టు తమ్ముడు వచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలోంచే జోకులు విసిరేవాడు ఆ రోజు నోరు మెదపకుండా డబ్బా మీద ఒక కాగితం అంటించాడు. ఉత్తరాలు రావడం లేదు కాబట్టి డబ్బా పీకేస్తారట. తీసే ముందు ఒక వారం తనిఖీ, అది వచ్చే సోమవారం నుంచి. అక్క స్టూలు మీంచి అంతా విని, నిజమా అని అడిగింది. వాడు తల దించుకుని, "ఏం చెయ్యను పెద్దమ్మా, రోజూ మీ ఉత్తరం ఒకటి, నా చెయ్యి ఒకటి. అంతకు మించి ఆ డబ్బాలోకి ఏదీ పోవట్లేదు" అన్నాడు.

ఇంకో డబ్బా ఉన్నది వంతెన అవతల, రైల్వే స్టేషన్ దగ్గర. నేను వేసిపెడతాను కదా అక్కా అన్నాను. నా పెళ్ళాం కూడా అదే అంది. అక్క చేతిలో బన్ను అలాగే ఉంది.

"ఉత్తరం నువ్వు వేస్తావు రా, సరే," అంది చివరికి. "మరి నేను మెట్లు దేనికి దిగాలి? అది పోతే నేను ఆ మేడ మీద అటక మీద సామానునే."

తర్వాత పోస్టు తమ్ముణ్ణి ఆవిడే అడిగింది. తనిఖీలో ఏం చూస్తారు? జనం నిజంగా వాడుతున్నారా లేదా అని చూస్తారట. అంటే డబ్బా నిండితే? నిండితే వాళ్ళకి తీసేందుకు కారణం ఉండదు పెద్దమ్మా అన్నాడు వాడు. అక్క బన్ను మొత్తం ఒక్కసారి నోట్లో పెట్టుకుంది. మా అక్క అలా తిన్నదంటే ఎవరికో పని పడినట్టే.

ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి బల్లలన్నీ కలిపేశాం. వీధి వీధంతా దిగింది అనుకోండి. మందుల షాపాయన, పూలమ్మే ఆవిడ, పై వాటాల వాళ్ళు, ఎదురింటి టైలరు, అందరూ. ఈ టైలర్ని మేం కత్తెర బావ అంటాం. నాకు చుట్టం కాదు గానీ చిన్నప్పట్నుంచీ బావా అంటే బావా అని పిలుచుకుంటాం. ఆయన తన మంచి కత్తెర, అంచులు పళ్ళు పళ్ళుగా కోసేది, గుడ్డలో చుట్టుకుని తెచ్చుకున్నాడు పాపం. అక్క దాన్ని అక్కడే లాక్కుని గల్లాపెట్టెలో పెట్టేసింది. ఇక్కడ చింపడమే గానీ కోయడం లేదంది. "జీవితమంతా గుడ్డ చిరక్కుండా చూసుకున్నవాణ్ణి, నా చేత చింపిస్తావా వదినా" అని ఆయన గోల. చింపడం మొదలుపెట్టాక మాత్రం ఆపితే ఒట్టు. పక్కవాళ్ళ కాగితాలు కూడా ఆయనే చింపేశాడు.

మా ఆవిడ బంగాళాదుంపలో చెక్కిన నక్షత్రం అచ్చం ఎండ్రకాయలా వచ్చింది. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. అక్క అంది. మా ఆవిడ ఊరుకుంటుందా, మీ తమ్ముడి బుర్రకంటే గుండ్రంగానే ఉంది వదినా అని నా మీదకి తోసింది. నాకు డికాషన్ డ్యూటీ. బన్నులు కాల్చే ట్రేల్లో టీ పోసి కాగితాలు ముంచి తీస్తుంటే చేతులు మోచేతుల దాకా గోధుమరంగులోకి తిరిగాయి. ఎంత సరదాగా ఉందంటే, ఈ వయసులో నేను ఈల వేసుకుంటూ పనిచేశాను.

అక్క ఒకే ఒక్క షరతు పెట్టింది. కార్డు ఈ వీధిలోవాళ్ళకే రాయాలి. అయితే శుభాకాంక్షలు అని రాసి చేతులు దులుపుకుంటే కుదరదు. ఎదురుగా చెప్పలేక ఇన్నాళ్ళూ దాచుకున్న మాట ఒకటి రాయాలి. ఉత్తుత్తి ఉత్తరాలతో డబ్బా నింపితే అది మోసం, నిజం రాస్తే అది ఉత్తరం అంది. ముందు అందరూ నవ్వారు. తర్వాత చూస్తే ఎవరి మూల వాళ్ళు పట్టుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లల్లా రాస్తున్నారు.

ఇంతలో జిగురు అయిపోయింది. అక్క పొద్దున ఉడికించిన మైదా జిగురు గిన్నె ఖాళీ. నా చేతులు టీలో ఉన్నాయి. కత్తెర బావ లేచి లోపలికి వెళ్ళి, పొయ్యి పక్కన బల్ల కింద ఉన్న బకెట్లోంచి తెల్లగా చిక్కగా ఉన్నది గిన్నెడు ముంచుకొచ్చాడు. బ్రహ్మాండంగా అతుక్కుంటోందన్నారు అందరూ. కాస్త పుల్లటి వాసనొస్తోందేంటి అని పూలావిడ అడిగితే, బేకరీలో జిగురు బేకరీ వాసన రాక పూల వాసనొస్తుందా అన్నాడు ఆయన. అది అయ్యాక ఇంకో గిన్నె తెచ్చాడు. ఆ తర్వాత మరొకటి.

సాయంత్రం చీకటి పడేలోపే, అక్క దాచుకున్న స్టాంపులు అంటించి, అందరం వరసగా నిలబడి కార్డులు వేశాం. అప్పటికి అవి ఇంకా చెమ్మగానే ఉన్నాయి, కానీ ఆగే ఓపిక ఎవరికీ లేదు. చివరిది అక్క వేసింది. డబ్బా వీపు మీద రెండు దెబ్బలు వేసింది. లోపల్నుంచి ఖాళీ డబ్బా మోత రాలేదు. దిండుని కొట్టినట్టు మెత్తటి చప్పుడు. నిండిందిరా అంది. ఆవిడ మొహం చూడాలి మీరు ఆ క్షణాన.

సోమవారం పొద్దున యథాప్రకారం పొయ్యి రాజేశాను. మంట అందుకుంది, గోడ వేడెక్కింది. పిండి కలుపుదామని బల్ల కింద బకెట్ లాగితే అడుగు కనబడుతోంది. ఆ బకెట్లో ఉండేది మా పులిసిన పిండి. ముందురోజు పిండి కొంచెం మిగిల్చి, నీళ్ళు పోసి, రోజూ కాస్త కొత్త పిండి వేసి మేపుతూ ఉంటాం. అది కలిపితేనే రొట్టె పొంగుతుంది. మా నాన్న నాటి నుంచీ ఆరనివ్వకుండా కాపాడుకొస్తున్న పిండి. దొంగలు పడ్డారా అనుకున్నాను. ఇదేం పిండి దొంగతనమండీ అని మా ఆవిడ నోరెళ్ళబెట్టింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇద్దరికీ ఒకేసారి కత్తెర బావ, ఆయన చేతిలో గిన్నె గుర్తొచ్చాయి.

తడి కాగితం. పులిసిన పిండి. వెచ్చటి గోడ.

చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరిగెత్తాను. డబ్బా చూసేసరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చీలికలోంచి కార్డులు నాలుక బయటపెట్టినట్టు తొంగి చూస్తున్నాయి. తలుపు రేకు నిండు చూలాలి పొట్టలా ముందుకి ఉబ్బింది. పిల్లులు దూరంగా కూర్చుని దానికేసి అనుమానంగా చూస్తున్నాయి.

సరిగ్గా అప్పుడే పోస్టు తమ్ముడు వచ్చాడు, వెనక తనిఖీ సారు. మెడలో కళ్ళజోడు, చంకలో రాసుకునే అట్ట. పోస్టు తమ్ముడు తాళం పెట్టి తిప్పాడు, తలుపు కదల్లేదు. లాగాడు. నేనూ వాడి నడుం పట్టుకుని లాగాను. ఈలోగా వీధంతా పోగైంది. అక్క కూడా మెట్లు దిగి వచ్చింది, ఈసారి మోకాళ్ళని తిట్టడం కూడా మర్చిపోయింది. చివరికి సారే ముందుకొచ్చి, జరగవయ్యా అని గట్టిగా ఒక్క గుంజు గుంజాడు.

తలుపు ఊడి చేతికొచ్చింది. కార్డులన్నీ ఆయన బూట్ల మీద పడ్డాయి. ఒక్కో కార్డు బన్నులా ఉంది. నక్షత్రాలు లేచి నిలబడ్డాయి, మా ఆవిడ ఎండ్రకాయ అయితే నిజంగానే నడిచొచ్చేలా ఉంది. కొన్ని ఒకదానికొకటి అంటుకుని నిలువు రొట్టెలా దిగాయి. వీధంతా కమ్మటి రొట్టె వాసన.

సారు ఒకటి తీసుకుని వాసన చూశాడు. ఉత్తరాలు పొయ్యిలో కాల్చే వీధిని ఇదే చూడటం అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన వెనక్కి తిప్పి చిరునామాలు చూడటం మొదలుపెట్టాడు మరి. అన్నీ ఈ వీధివే, రాసినవాళ్ళూ ఈ వీధివాళ్ళే. తనిఖీ కోసం కావాలని నింపినట్టుంది అన్నాడు, కోపంగా కాదు, ఉన్న మాట అన్నట్టు. నేను ఏదో సర్దబోయాను. అక్క నన్ను పక్కకి నెట్టింది.

"నింపించింది నేనే బాబూ. డబ్బా పోతుందని భయపడి రాయించాను. అయితే అందులో ఒక్కటైనా ఉత్తుత్తి మాట ఉంటే, ఆ డబ్బాతో పాటు నన్నూ తీసుకుపోండి."

సారు ఆవిడకేసి చూశాడు, ఆవిడ పట్టుకున్న కర్రకేసి చూశాడు. స్టాంపు ఉంది కాబట్టి ఇవన్నీ పంచాల్సిందే, కానీ ఒక్క రోజు నిండితే లెక్కలోకి రాదు, శనివారం మళ్ళీ వస్తాను, వారమంతా ఎలా ఉందో చూస్తాను అన్నాడు. ఊడిన తలుపుని పురికొసతో కట్టించి వెళ్ళిపోయాడు.

అక్క స్టూలు మీద కూలబడింది. కాగితం అయిపోయింది, వీధిలో రాయాల్సినవాళ్ళంతా రాసేశారు, ఇంక డబ్బాలోకి ఏం పోతుంది? ఆ పూట ఆవిడ బన్ను ముట్టలేదు. కత్తెర బావ గుమ్మంలో నిలబడి, ఆ బకెట్ మీద జిగురు కాదు అని రాసిపెట్టొచ్చు కదా బావా అని నన్నే దెప్పాడు. బకెట్ అడుగున మిగిలిన కాస్త పిండికి నీళ్ళు పోసి బతికించుకుంటూ, నోరు మూసుకో బావా అన్నాను.

కానీ అసలు కథ అప్పుడే మొదలైంది. పోస్టు తమ్ముడు ఆ బన్ను కార్డుల్ని ఊడదీసి ఇంటింటికీ పంచాడు. పంచిన గంటకే వీధిలో నవ్వులు, ఆ వెంటనే కొన్ని చోట్ల అరుపులు. నాకు కత్తెర బావ నుంచి వచ్చింది. ఉబ్బిన నక్షత్రం కింద ఇలా ఉంది: "బావా, నీ కోటు కుట్టి ఎప్పుడో అయింది. ఇస్తే నీకు పట్టదు. లావయ్యావని చెప్పడానికి మొహమాటం." ఇన్నేళ్ళుగా బటన్లు దొరకట్లేదని చెబుతున్నాడండీ ఈయన! మా ఆవిడకి పై వాటా నుంచి, మీ కూనిరాగం వింటూ రోజూ వంట చేస్తాను, ఆపకండి అని వచ్చింది. ఆవిడ కూనిరాగం తీస్తుందని ఆవిడకే తెలియదు. మందుల షాపాయనకి, తుమ్మేటప్పుడు పక్కకి తిరగండి అని ఎవరో రాశారు. పూలావిడకి వచ్చింది మాత్రం ఆవిడ ఎవరికీ చూపించలేదు. రెండ్రోజులు సిగ్గుపడుతూ తిరిగింది.

ఇలాంటివి వచ్చాక జవాబు రాయకుండా ఎవరుంటారు? ఎదురుగా అంటే గొడవ, ఫోన్ చేస్తే చులకన. కార్డుకి కార్డే జవాబు. నేను ఆ రాత్రి పడుకోకముందే ఖాళీ అయిన ఇంకో మైదా బస్తా చింపి కత్తెర బావకి రాసేశాను, కోటు నేను లావవడం వల్ల కాదు, నువ్వు కొలత తప్పడం వల్ల అని. మంగళవారం సాయంత్రానికి డబ్బా సగం నిండింది. బుధవారం అక్క ఉత్తరం వేసి దెబ్బ కొడితే మెత్తటి చప్పుడు. ఆవిడ నాకేసి చూసింది. నేనేం వేయలేదక్కా, ఒట్టు అన్నాను. పక్కవీధివాళ్ళు ఆ పొంగిన కార్డులు చూసి ముచ్చటపడ్డారు. ఆరాక అవి పగుళ్ళు వేసి, పాత గోడ పెచ్చుల్లా, చెట్టు బెరడులా భలే పాతకాలపు అందం వచ్చింది వాటికి. ఎలా చేశారని అడుగుతూ మేడ మెట్లెక్కడం మొదలుపెట్టారు. అక్క బల్ల చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు. బంగాళాదుంపలు మా వంటకి మిగల్లేదు. ఇకనుంచి ఆ పిండి మాత్రం ఇవ్వనని, ఉడికించిన మైదా జిగురే వాడాలని బకెట్ మీద కూర్చుని చెప్పాను.

శనివారం వచ్చింది. సారు వచ్చేసరికి వీధంతా ఏదో పని ఉన్నట్టు నటిస్తూ బయటే తిరుగుతోంది. మా ఆవిడ ఊడ్చిన చోటే ఊడుస్తోంది. అక్క స్టూలు మీద కర్ర రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. పోస్టు తమ్ముడు పురికొస విప్పాడు. డబ్బా కంఠందాకా నిండి ఉంది, ఈసారి పొంగు లేకుండా. సారు చిరునామాలు ఒక్కొక్కటే చూశాడు. పక్కవీధి, వంతెన అవతల, వేరే ఊళ్ళు. వారమంతా ఇంతేనా అని పోస్టు తమ్ముణ్ణి అడిగాడు. రోజూ రెండు సంచులు మోస్తున్నాను సార్, భుజం పడిపోయింది అన్నాడు వాడు, ఎన్నాళ్ళ తర్వాతో వాడి పాత గొంతుతో.

సారు అరచెయ్యి తీసుకెళ్ళి గోడ మీద ఆనించాడు. చురుక్కుమని తీసేశాడు. అట్ట మీద ఏదో రాసుకున్నాడు. అప్పుడు చెప్పాడు. డబ్బా ఇక్కడ ఉండటానికి వీల్లేదట.

అక్క మొహంలో రంగు పోయింది. కత్తెర బావ ఏదో అనబోయాడు.

"పూర్తిగా వినండి," అన్నాడు సారు. "వేడి గోడ మీద ఉత్తరాలు పాడవుతాయి, సోమవారం నా బూట్లే సాక్ష్యం. డబ్బా తీయం, జరుపుతాం. చల్లగా ఉండే గోడ ఎక్కడుంది చుట్టుపక్కల?"

అక్క కర్ర ఎత్తి పక్క సందుకేసి చూపించింది. ఆవిడ మేడ మెట్లు ఆగే చోటు, నీడపట్టు గోడ. సారు వెళ్ళి దాన్నీ తడిమి చూశాడు. చల్లగా ఉంది, బాగుంది అన్నాడు. పోతూ పోతూ, డబ్బా మీద అంటించిన ఆ పాత కాగితాన్ని ఆయనే చింపాడు. ఆ చింపడంలో కూడా పీచు చక్కగా వచ్చిందని మా అక్క మెచ్చుకుంది.

నిన్ననే డబ్బా బిగించారండీ. కొత్త తలుపు కూడా వేశారు. అక్క చివరి మెట్టు దిగితే చాలు, చెయ్యి చాపితే డబ్బా. జనాన్ని తప్పించుకునే పనే లేదు. ఇక షాపుకి రాదేమో అని నాకు లోపల్లోపల కాస్త బెంగగా ఉండింది. ఇవాళ పొద్దున ఉత్తరం వేసింది, రెండు దెబ్బలు కొట్టింది, అక్కణ్ణుంచే కేకేసింది.

"ఒరేయ్, మోకాళ్ళకి ఓపిక మిగిలింది. బన్నుకి వస్తున్నా, స్టూలు ఖాళీ చేయించు."

ఇదండీ సంగతి. మీకు నచ్చితే నలుగురికీ పంపించండి. ఫోన్లో పంపితే సంతోషం. ఓపికుంటే ఒక ఖాకీ కాగితం చింపి, దాని మీద రాసి, మీ వీధి డబ్బాలో వేస్తే ఇంకా సంతోషం. వేశాక వీపు మీద రెండు దెబ్బలు కొట్టడం మర్చిపోకండి. జిగురు మాత్రం ఉడికించిందే వాడండి బాబూ.